వృత్తి నుంచి ప్రవృత్తికి: కృష్ణా డెల్టా నేపథ్యంలో తోలుపని నేర్చినవారి చరిత్ర

వ్యాససంగ్రహం

తోలుపనిని అభిరుచిగా నేర్చుకునేవారు నేడు చదువుకున్న వర్గాల్లో కనిపిస్తున్నారు. తెలుగునాట ఈ పని శతాబ్దాలపాటు ఒక కులానికి పుట్టుకతో అంటగట్టిన వృత్తి. పుట్టుకతో కాక ఇష్టంతో ఈ పనిని చేపట్టినవారికి కూడా ఒక చరిత్ర ఉంది. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారం, వార్ధా విద్యా ప్రణాళిక, తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ యలవర్తి నాయుడమ్మ తోలు శాస్త్రానికి అంకితమైన తీరు ఆ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. దీనికి సమాంతరంగా ఈ పనిని వదులుకునే హక్కు కోసం సాగిన పోరాటాల చరిత్ర ఉంది. తోట్లవల్లూరు పరిసరాలను కేంద్రంగా తీసుకుని ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఒక పని అభిరుచి కావాలంటే దానిని ఎప్పుడైనా వదిలిపెట్టగల స్వేచ్ఛ ముందుగా ఉండాలి. ఆ స్వేచ్ఛ ఎవరికి ఎప్పుడు దక్కిందన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: తోలుపని, లంద, మేర, వెట్టి, కృష్ణా డెల్టా, తోట్లవల్లూరు, యలవర్తి నాయుడమ్మ, అభిరుచి, శ్రమగౌరవం.

1. ఉపోద్ఘాతం

రెండేళ్ల క్రితం ఈ వ్యాసకర్త తెప్పించుకున్న ఒక పొట్లంలో అరచేతి వెడల్పు తోలు ముక్కలు నాలుగు, మొద్దు మొనల సూదులు రెండు, మైనం పూసిన దారపు ఉండ, వరుసగా రంధ్రాలు వేసే పండ్ల ఉలి, చిన్న కొయ్య సుత్తి ఉన్నాయి. కార్డులు పెట్టుకునే చిన్న సంచీని కొత్తవారు ఎలా కుట్టుకోవాలో బొమ్మలతో వివరించే కాగితం కూడా ఉంది. తోలు ముక్కల మీది చీటీ, వాటిని రసాయన లవణాలతో కాక చెట్టు బెరడుతో పదును చేశారని ప్రత్యేకంగా చెబుతోంది. ధర ఎక్కువగా ఉండటానికి కారణం అదే.

ఆ చీటీ చదివినప్పుడు కలిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. తోట్లవల్లూరు పరిసరాల్లో పెరిగిన ఈ వ్యాసకర్త చిన్నతనంలో, ఎడ్ల మెడకు కట్టే గజ్జెల పట్టీ తెగితే తాతగారి వెంట ఊరి చివరికి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. తాతగారు వాకిలి బయటే నిలబడేవారు. పట్టీ బాగయి వచ్చేది. ఆ తోలు ఎక్కడిది, దానిని ఎలా పదును చేశారు, కుట్టిన మనిషి ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని అడగాలన్న ఆలోచన మాకు ఎన్నడూ రాలేదు. బెరడుతో పదును చేసిన తోలు గొప్పతనాన్ని తెలుసుకోవడానికి మరో రాష్ట్రం నుంచి వచ్చిన చీటీ కావలసివచ్చింది.

తోలుపని మీద తెలుగులో వచ్చిన పరిశోధన ప్రధానంగా కుల చరిత్రగానో, దళిత సాహిత్య విమర్శగానో, జానపద కళల అధ్యయనంగానో సాగింది. నేర్చుకోవడం అనే కోణం అంతగా చర్చకు రాలేదు. ఈ పనిని ఎవరు, ఏ పరిస్థితుల్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? నేర్చుకున్నవారికి ఏం దక్కింది? నేర్పినవారికి ఏం మిగిలింది? ఈ ప్రశ్నలకు చారిత్రక క్రమంలో సమాధానాలు వెదకడం ఈ వ్యాస పరిధి.

2. ఊరు, మేర, తోలు

తోట్లవల్లూరు కృష్ణానది ఎడమ ఒడ్డున, విజయవాడకు దిగువన, ఉయ్యూరుకు సమీపంలో ఉన్న మండల కేంద్రం. బొమ్మదేవర వారి జమీందారీకి ఇది నెలవు. చెరకు, పసుపు, కంద, అరటి పండే ఒండ్రునేల, నదిలోని లంకలు ఈ ప్రాంతపు ముఖ్య లక్షణాలు. 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టిన తరువాత కాలువల సేద్యం విస్తరించి, డెల్టా వ్యవసాయం రూపం మారింది.

తోలు అవసరాలపై కూడా ఈ మార్పు ప్రభావం ఉంది. కాలువ నీరు అందని మెట్ట ప్రాంతాల్లో మోటబావికి తోలు బొక్కెన, దాని తొండం ప్రాణం వంటివి. కాలువ వచ్చిన చోట ఆ అవసరం తగ్గింది. అయితే దుక్కి, బండి, కళ్లం అన్నీ పశువుల మీదే ఆధారపడినందువల్ల కాడి వారులు, పట్టెడలు, గజ్జెల పట్టీలు, చర్నాకోలలు, చెప్పులు కావలసివచ్చాయి. కమ్మరి కొలిమిలో గాలి ఊదే తిత్తి తోలుదే. ఊరిలో చాటింపుకు, జాతరకు, చావుకు మోగే డప్పు తోలుదే.

ఈ ప్రాంతపు కళలకు కూడా తోలుతో సంబంధం ఉంది. కూచిపూడి నర్తకుల గజ్జెలను తోలు పట్టీ మీద కుడతారు. ఆ నృత్యానికి లయనిచ్చే మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు మూడూ కావాలి. మృదంగం వాయించిన విద్వాంసుల పేర్లు సంగీత చరిత్రకెక్కగా, దానిని తయారుచేసిన చర్మకారుల పేర్లు చాలాకాలం మరుగున పడ్డాయి. ఈ విషయాన్ని గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ గ్రంథంలో విస్తారంగా చర్చించారు. ఆయన పరిశీలన తమిళనాడుకే పరిమితం కాక తెలుగు నేలను కూడా స్పృశించింది. పెడన, మచిలీపట్నం కలంకారీ పనివారు బట్టను సిద్ధం చేయడానికి వాడే కరక్కాయనే తోలు పదును చేసేవారు కూడా వాడతారు. ఒకే కాయలోని వగరు గుణం బట్టకు రంగు పట్టేలా చేస్తుంది, తోలును కుళ్లకుండా కాపాడుతుంది. అయినా మొదటిది కళగా పేరు పొందింది, రెండవది మైలగా మిగిలింది.

గ్రామ వ్యవస్థలో ఈ శ్రమకు ప్రతిఫలం ‘మేర’ రూపంలో అందేది. పంట నూర్చినప్పుడు కళ్లం వద్ద ఇచ్చే ధాన్యపు వాటా మేర. ఆయగాండ్ర పట్టికలు ప్రాంతాన్ని బట్టి కొంత మారినా, తోలుపని చేసే మాదిగల స్థానం వాటిలో సాధారణంగా కనిపిస్తుంది. ఏడాది పొడవునా రైతుకు కావలసిన తోలు వస్తువులు కుట్టి ఇవ్వాలి, తెగినవి బాగుచేయాలి, డప్పు కొట్టాలి, చనిపోయిన పశువును తీసుకుపోవాలి. ఆ పశువు తోలు వారికే చెందుతుంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. పశువు కళేబరం మీద వారికి ఉన్నది ఒకే సమయంలో హక్కు, విధి కూడా. తోలు దక్కడం హక్కు. కబురు వచ్చిన వెంటనే వెళ్లి తీసుకుపోవలసి రావడం విధి. నిరాకరిస్తే మేర ఆగిపోతుంది, ఊరి ఆగ్రహం ఎదురవుతుంది. ముడిసరుకు దొరికే మార్గమే వెట్టి సంకెల కావడం ఈ వృత్తి ప్రత్యేకత. వడ్రంగికి కర్ర, కుమ్మరికి మన్ను, సాలెకు నూలు ఈ విధమైన షరతుతో అందలేదు.

3. లంద నుంచి క్రోమ్ దాకా

మద్రాసు రాజధానిలో తోళ్లు పదును చేసే విధానాలను, తోలు వస్తువుల తయారీని గురించి ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1904లో ఒక ప్రత్యేక నివేదిక ప్రచురించారు. ఆయా పనులు చేసే కులాల గురించిన వివరాలు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల్లో ఉన్నాయి. ఇవి పాలకుల దృష్టితో రాసినవి కనుక జాగ్రత్తగా చదవాలి. అయినా పని జరిగే క్రమం వీటి ద్వారా తెలుస్తుంది.

తోలు పదును చేసే గొయ్యిని లేదా తొట్టిని ‘లంద’ అంటారు. పచ్చి తోలును ముందుగా నీటిలో నానబెట్టి, సున్నపు నీటిలో ఉంచి, వెంట్రుకలు వదులయ్యాక గీకివేస్తారు. లోపలివైపు అంటి ఉన్న మాంసాన్ని, కొవ్వును కత్తితో తీస్తారు. సున్నాన్ని కడిగివేశాక తంగేడు చెక్క లేదా తుమ్మ చెక్క నానిన కషాయంలో ఉంచుతారు. తోలును సంచీలా కుట్టి, లోపల బెరడు, నీరు నింపి వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. కషాయం మెల్లగా తోలు పొరల్లోకి ఇంకుతుంది. తంగేడు చెక్కతో పదునైన తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది కాబట్టి చివర కరక్కాయ కషాయం పట్టించి, నూనె రాసి ఆరబెడతారు. ఈ పనంతా వారాల తరబడి సాగుతుంది. కషాయం ఎంత చిక్కగా ఉండాలి, తోలు ఎప్పుడు తిరగవేయాలి, ఎప్పుడు తీయాలి అన్నవి వాసనను, రంగును, వేలి స్పర్శను బట్టి నిర్ణయించవలసినవి. కొలమానం లేని చోట అనుభవమే కొలమానం.

ఈ జ్ఞానం అంతర్జాతీయ వాణిజ్యానికి కూడా ఆధారమైంది. తంగేడు చెక్కతో సగం పదును చేసిన మద్రాసు తోళ్లు 19వ శతాబ్దంలో లండన్ విపణిలో మంచి పేరు పొందాయి. అయితే ఎగుమతి లాభం లంద దగ్గర నిలబడినవారికి కాక, తోళ్లు కొని ఓడకెక్కించిన వర్తకులకు దక్కింది. ముడి తోలుకు బయట గిరాకీ పెరిగేకొద్దీ ఊరిలోని చర్మకారుడికి దొరికే సరుకు ప్రియమైంది.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్, 1893లో మార్టిన్ డెన్నిస్ క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతులకు పేటెంట్లు పొందారు. వారాల పని గంటల్లోకి, రోజుల్లోకి కుదిరింది. మద్రాసులో 1903 నుంచి ఛాటర్టన్ ఆధ్వర్యంలో క్రోమ్ ప్రయోగాలు జరిగాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో కర్మాగారాలు, యంత్రంపై కుట్టిన పాదరక్షలు, రబ్బరు, ప్లాస్టిక్ వరుసగా వచ్చాయి. ట్రాక్టరు వచ్చాక కాడి వారు అవసరం పోయింది. ఊరి లంద క్రమంగా ఎండిపోయింది. నేడు అభిరుచిగా తోలుపని నేర్చుకునేవారు అధిక ధర పెట్టి కోరుకునేది మాత్రం బెరడుతో పదునైన తోలునే. అది తడిపితే వంగుతుంది, అచ్చు పెడితే గుర్తు నిలుపుకుంటుంది, వాడేకొద్దీ రంగు తిరుగుతుంది. లందలోని తోలు ఇలాంటిదే.

4. పుట్టుకతో కాక నేర్చినవారు

4.1. ఆశ్రమం నుంచి పాఠశాలకు

చర్మకార కులంలో పుట్టనివారు ఈ పనిని కావాలని నేర్చుకున్న సందర్భాల్లో ఆధునిక కాలంలో ప్రసిద్ధమైనది టాల్‌స్టాయ్ ఫారం. 1910లో హెర్మన్ కాలెన్‌బాక్ జోహాన్నెస్‌బర్గ్ సమీపంలో తాను కొన్న 1,100 ఎకరాల భూమిని సత్యాగ్రహుల కుటుంబాల నివాసానికి అప్పగించారు. పాదరక్షలు స్వయంగా చేసుకోవాలన్న ఆలోచనతో ఆయన మరియన్‌హిల్‌లోని ట్రాపిస్టు సన్యాసుల మఠానికి వెళ్లి చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చారు. గాంధీ ఆయన వద్ద నేర్చుకుని ఇతరులకు నేర్పారు. గాంధీ తాను కుట్టిన చెప్పుల జతను జనరల్ స్మట్స్‌కు ఇవ్వడం, 1939లో గాంధీ 70వ పుట్టినరోజు సందర్భంగా స్మట్స్ వాటిని తిరిగి పంపడం చరిత్రలో నమోదైన విషయాలు. ఇక్కడ గురువు క్రైస్తవ సన్యాసి. భారతీయ చర్మకారుడి పాత్ర ఈ మొదటి పాఠంలో లేదు.

మచిలీపట్నంలో 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు దాని నిర్మాతలు. పుస్తకపు చదువుతోపాటు చేతిపనికి, కళకు చోటు ఇవ్వాలన్నది ఆ సంస్థ సంకల్పం. చేతితో పనిచేయడం చదువుకున్నవాడికి చిన్నతనం కాదన్న భావనకు డెల్టాలో ఇది తొలి సంస్థాగత రూపం. అయితే జాతీయ విద్యోద్యమంలో మగ్గానికి, రాట్నానికి దక్కిన ప్రతీకాత్మక గౌరవం లందకు దక్కలేదు.

ఆ దిశగా అడుగు 1937లో వార్ధాలో పడింది. ఆ ఏడాది అక్టోబరులో జరిగిన విద్యా సదస్సు తరువాత జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలని ప్రతిపాదించింది. అందుకు సూచించిన వృత్తుల్లో నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయంతోపాటు తోలుపని కూడా ఉంది. అన్ని కులాల పిల్లలూ నేర్చుకోదగిన విద్యగా ఒక జాతీయ ప్రణాళికలో దానికి చోటు దక్కడం విశేషమే. అదే దశాబ్దంలో వార్ధా సమీపంలోని నాల్వాడీలో గోపాలరావు వాలుంజకర్ సహజంగా మరణించిన పశువుల తోళ్లను పదును చేసే కేంద్రాన్ని నడిపారు. ‘గోవును చంపి చెప్పులు దానం చేసినట్లు’ అన్న తెలుగు సామెతలోని నైతిక సంకటానికి ఈ ప్రయోగం వెదికిన పరిష్కారం అది.

ఆచరణలో బేసిక్ పాఠశాలల గుర్తుగా నిలిచింది తకిలీయే. నూలు వడికే పిల్లవాడిని ఇంట్లో మెచ్చుకుంటారు. తోలు కోసే పిల్లవాడికి స్నానం చేయించాలనుకునే ఇళ్లు ఉన్నంతకాలం ప్రణాళికలోని మాట బడిలోకి రావడం కష్టమే.

4.2. కృష్ణకు ఆవలి ఒడ్డున: యలవర్తి నాయుడమ్మ

తోట్లవల్లూరుకు ఎదురుగా కృష్ణ దాటితే పశ్చిమ డెల్టా. అక్కడ తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922 సెప్టెంబరు 10న వ్యవసాయ కుటుంబంలో యలవర్తి నాయుడమ్మ జన్మించారు. రసాయన శాస్త్రం చదివి, మద్రాసులో తోలు సాంకేతిక విద్యలో ప్రవేశించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో అదే రంగంలో డాక్టరేటు పొందారు. 1948లో మద్రాసు అడయారులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఆయన సారథ్యంలో ప్రపంచస్థాయి గుర్తింపు పొందింది. 1971లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్నారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు.

భూమి ఉన్న వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన యువకుడు తోలును జీవితకాల విషయంగా ఎంచుకోవడం ఆనాటి డెల్టా సమాజంలో సాధారణం కాదు. ఆ ఎంపిక తోలును మైల నుంచి ప్రయోగశాలకు తెచ్చింది. పరిశ్రమ, పరిశోధన, శిక్షణ ఒకదానికొకటి తోడుగా సాగాలన్నది ఆయన పట్టుదల. 1970ల ఆరంభంలో సగం పదును చేసిన తోళ్ల ఎగుమతిని తగ్గించి, పూర్తయిన తోలును, వస్తువులను ఎగుమతి చేయాలని ప్రభుత్వ విధానం మారడానికి కావలసిన సాంకేతిక బలం ఇటువంటి కృషి వల్లనే సమకూరింది. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ, అంటే లిడ్‌క్యాప్, ఏర్పడింది.

నాయుడమ్మ ఉదాహరణ మరొక విషయాన్ని కూడా తెలుపుతుంది. ఆయన తోలును ఎంచుకున్నారు. ఎంచుకోకుండా ఉండే అవకాశం కూడా ఆయనకు ఉంది. ఎంచుకున్నందువల్ల ఆయన గౌరవం పెరిగింది. అదే డెల్టాలో అదే కాలంలో లంద దగ్గర పుట్టిన బాలుడికి ఆ పని తెలిసి ఉండటం వల్ల బడిలో చోటు వెనక్కి జరిగింది. ఈ తేడా వ్యక్తుల ప్రతిభకు సంబంధించినది కాదు, సామాజిక స్థానానికి సంబంధించినది.

5. వదులుకునే హక్కు

తోలుపనిని చేపట్టినవారి చరిత్ర కన్నా దానిని వదలడానికి పోరాడినవారి చరిత్ర పాతది. ఒంగోలు ప్రాంతంలో 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మంతో మొదలైన మాదిగల క్రైస్తవ ఉద్యమంలో, చనిపోయిన పశువు మాంసం తినరాదు, ఊరి దేవతల ఉత్సవాల్లో డప్పు కొట్టరాదు, ఆదివారం పని చేయరాదు అన్నవి ముఖ్య నియమాలు. మిషనరీ జాన్ క్లౌ దృష్టిలో ఇవి మత నియమాలు. ఊరి పెద్దల దృష్టిలో సేవ నిరాకరణ. అందుకే ఆ నియమాలు పాటించినవారు గ్రామ కక్షకు గురయ్యారు. ఒక పనికి ‘చేయను’ అని చెప్పడమే అక్కడ తిరుగుబాటు.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆది ఆంధ్ర ఉద్యమానికి నాంది పలికింది. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చనిపోయిన పశువుల మాంసాన్ని విడిచిపెట్టమని పిలుపునిచ్చారు. కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులనే మెట్లుమెట్లుగా విభజిస్తుందని 1936 నాటి ‘కులనిర్మూలన’లో ఆయన వాదించారు. గాంధీ అందరూ ఈ పని నేర్చుకుంటే దానికి గౌరవం వస్తుందన్నారు. ఈ పనిలోనే ఉంచబడినవారు దానిని విడిచే స్వేచ్ఛ పొందితేనే గౌరవం వస్తుందన్నది అంబేద్కర్ మార్గం. మొదటి వాదన నేర్చుకునేవాడి వైపు నుంచి, రెండవది బంధితుడి వైపు నుంచి చేసినది. చారిత్రకంగా రెండవది ముందు తీరవలసిన బాకీ.

ఆ బాకీ ఎంత ఆలస్యంగా చట్టంలోకి ఎక్కిందో గమనించాలి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం వెట్టిని నిషేధించాయి. అయినా అంటరానితనం పేరిట కళేబరాలు తొలగించమని, పశువుల తోలు వలవమని బలవంతం చేయడాన్ని పేరుపెట్టి నేరంగా పేర్కొన్నది 1976 సవరణే. 1955 నాటి చట్టాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చిన ఆ సవరణ 7ఎ విభాగాన్ని చేర్చింది. అత్యాచారాల నిరోధక చట్టంలో ఇటువంటి నిబంధన 2015 సవరణతో చేరి, 2016 జనవరి 26న అమలులోకి వచ్చింది.

అదే 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలోను, ఆగస్టులో కోనసీమ అమలాపురంలోను చనిపోయిన ఆవు తోలు వలుస్తున్న దళితుల మీద దాడులు జరిగాయి. పని చేయకపోతే శిక్షించిన సమాజమే, పని చేస్తే కూడా శిక్షించిన సందర్భాలివి. అభిరుచిగా తోలు ముక్కను కోసేవారెవరికీ ఈ ప్రమాదం లేదు. ఈ వాస్తవాన్ని పక్కనబెట్టి తోలుపని సౌందర్యాన్ని గురించి మాట్లాడటం అసంపూర్ణం అవుతుంది.

6. భాషలో, సాహిత్యంలో తోలుపని

తోలుపని పట్ల తెలుగు సమాజ వైఖరి భాషలో నిక్షిప్తమై ఉంది. ‘తోలు తీస్తాను’ అన్నది బెదిరింపు. ‘చెప్పుతో కొట్టినట్లు’ అన్నది పరాభవం. ‘చెప్పులరిగేలా తిరగడం’ వ్యర్థ ప్రయాస. వడ్రంగి, నేత పనుల నుంచి పుట్టిన మాటలు తీర్చిదిద్దడం, అల్లడం, పోగులు కలపడం వంటి నిర్మాణాత్మక అర్థాలిస్తుండగా, తోలు మాటలు ఎక్కువగా హింసను, అవమానాన్ని సూచిస్తున్నాయి.

పేర్లలోనూ అంతరం ఉంది. ‘తోలుపని’ అన్నప్పుడు కులం గుర్తుకు వస్తుంది. ‘చర్మకారుడు’ అన్న సంస్కృత పదం దానిని కొంత కప్పి గ్రంథ గౌరవం ఇస్తుంది. ‘లెదర్ క్రాఫ్ట్’ అన్నప్పుడు కులం పూర్తిగా మాయమై ధర పెరుగుతుంది. ఒకే పని మూడు పేర్లతో మూడు సామాజిక స్థాయుల్లో నిలబడుతోంది.

సాహిత్యంలో దీనికి ఎదురు ధోరణి కూడా ప్రాచీనమే. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో మాదార చెన్నయ్య భక్తుల్లో ఉన్నతుడిగా కనిపిస్తాడు. 1941లో వెలువడిన గుర్రం జాషువ ‘గబ్బిలం’లో కథానాయకుడు చెప్పులు కుట్టి జీవించే అరుంధతీసుతుడు. తనను కబళించిన దేశపు పాదం కందకుండా అతడు చెప్పులు కుడుతున్నాడన్న వ్యంగ్యం, ఆ వృత్తిని శ్రమగా, ఉపకారంగా నిలబెట్టింది. నాగప్పగారి సుందర్‌రాజు ‘మాదిగోడు’, వేముల ఎల్లయ్య ‘కక్క’, ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ వంటి రచనలు ఆ జీవితాన్ని లోపలి నుంచి, దాని సొంత పలుకుబడితో చెప్పాయి. ఆరె, రంపె, లంద వంటి పనిముట్ల పేర్లు వీటి వల్ల సాహిత్య పాఠకులకు చేరాయి. 1994లో ప్రారంభమైన దండోరా ఉద్యమం కులం పేరును, డప్పును ఆత్మగౌరవ చిహ్నాలుగా నిలబెట్టింది. ఒకప్పుడు వదిలివేయడమే గౌరవమైన డప్పు, ఇష్టంతో చేపట్టినప్పుడు గౌరవమైంది. డప్పు మారలేదు, దాన్ని పట్టుకున్నవారి స్వేచ్ఛ మారింది.

7. నేటి అభ్యాసకుడి అనుభవం

ఈ చరిత్రను చదవడం ఒకటి, చేతితో తెలుసుకోవడం మరొకటి. మొదటి సంచీ కుట్టినప్పుడు ఈ వ్యాసకర్త రెండు అంచులూ సమానంగా కోయలేకపోవడం వల్ల కుట్టు వంకర పోయింది. తోలుకు వెంట్రుకలున్న పైవైపు, మాంసం అంటిన లోపలివైపు వేర్వేరు గుణాలు ఉంటాయి. పశువు వీపు తోలు బిగువుగా, పొట్ట తోలు సాగేదిగా ఉంటుంది. పట్టీకి పొట్ట తోలు కోస్తే నెలలోనే సాగిపోతుంది. తప్పు కోసిన తోలును తిరిగి అతికించలేము. బట్టలో సూది గుచ్చిన రంధ్రం పూడుకుంటుంది కాని తోలులో నిలిచిపోతుంది.

పొట్లంలోని కాగితం సూచించినది రెండు సూదుల కుట్టు. ఒకే దారపు రెండు కొనలకు రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రం నుంచి రెండువైపులా దూర్చుతారు. ఒక చోట దారం తెగినా రెండవ పోగు పట్టి ఉంచుతుంది. యంత్రపు కుట్టు అలా కాదు, ఒక చోట తెగితే క్రమంగా ఊడుతుంది. ఉయ్యూరు మార్గంలో చెప్పులు బాగుచేసే ఒక పెద్దాయనకు ఈ సంచీ చూపినప్పుడు ఆయన దానిని తిప్పి చూసి, మూలల దగ్గర తోలు పలుచన చేయకుండా మడిచినందువల్ల దారం త్వరగా తెగుతుందని చెప్పారు. తన రంపెతో లోపలి పొరను రెండు గీతల్లో పలుచన చేసి చూపారు. కొక్కెం ఉన్న ఆరెతో ఆయన వేసిన ఆరు కుట్లకు పట్టిన సమయంలో ఈ వ్యాసకర్తకు సూదికి దారం ఎక్కలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే నవ్వి, ‘నేర్చుకునేదేముందండీ, పుట్టినప్పటి నుంచీ ఇదే గదా’ అన్నారు. తన పిల్లలకు నేర్పలేదని, నేర్పకుండా ఉండటానికే వారిని చదివించానని కూడా అన్నారు.

ఆ మాటలో ఈ వ్యాసపు సమస్య అంతా ఉంది. కాగితం చూసి నేర్చుకున్నదాన్ని మనం విద్య అంటున్నాం. యాభై ఏళ్ల నైపుణ్యాన్ని ఆయన విద్య అనుకోవడం లేదు, అనుకునే అవకాశం సమాజం ఇవ్వలేదు. ఆయన పిల్లలు ఈ పని నుంచి బయటపడటం సాధించుకున్న విజయం. ఆ విజయంతోపాటు ఒక జ్ఞానం కూడా అంతరిస్తోంది. ఈ రెండింటిలో ఒకదాని కోసం రెండవదాన్ని తప్పుబట్టడం న్యాయం కాదు. కళ నశిస్తోందని బాధపడే హక్కు, ఆ కళ మోపిన భారాన్ని పంచుకోనివారికి పరిమితంగానే ఉంటుంది.

అయినా జ్ఞానాన్ని భద్రపరచడానికి మార్గాలు ఉన్నాయి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దీపాల కవచాలు, అలంకరణ వస్తువులు చేస్తూ, శిక్షణ ఇస్తూ తమ విద్యను నిలుపుకున్నారు. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అక్కడ చర్మకళ నేర్పేవారు గురువులుగా గుర్తింపు పొందారు. ఊరి చెప్పులు కుట్టే చేతికి ఇంకా ఆ స్థానం రాలేదు. కళాశాలల్లో చేతివృత్తుల కార్యశాలలు జరిగినప్పుడు వీరిని ప్రదర్శకులుగా కాక బోధకులుగా, తగిన వేతనంతో పిలవడం ఆచరణ సాధ్యమైన పనే.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. గ్రామ వ్యవస్థలో తోలుపనికి ముడిసరుకు అందే మార్గమే వెట్టికి మూలమైంది. ఇతర చేతివృత్తులకు, తోలుపనికి ఉన్న ప్రధాన భేదం ఇదే.

2. ఇతరులు ఇష్టంతో తోలుపని నేర్చుకున్న ఘట్టాలు 20వ శతాబ్దం ఆరంభం నుంచే ఉన్నాయి. అవి పని పట్ల దృష్టిని కొంత మార్చాయి. ఊరి చర్మకారుడిని గురువుగా గుర్తించడంలో అవి వెనుకబడ్డాయి.

3. యలవర్తి నాయుడమ్మ కృషి తోలును శాస్త్ర విషయంగా నిలబెట్టింది. అదే పని ఎంచుకున్నవారికి గౌరవాన్ని, పుట్టుకతో పొందినవారికి అగౌరవాన్ని ఇవ్వడం డెల్టా సమాజంలోని అసమానతకు నిదర్శనం.

4. పనిని నిరాకరించే హక్కుకు ప్రత్యేక చట్టరక్షణ 1976లో గాని రాలేదు. దాని అమలు నేటికీ సంపూర్ణం కాదు.

5. నేటి అభ్యాసకులు కోరుకునే బెరడు తోలు, చేతికుట్టు ఊరి లంద, ఆరెల జ్ఞానమే. ఆ మూలాన్ని దాని తెలుగు పేర్లతో, నేర్పినవారి పేరుతో గుర్తించడం అభ్యాసంలో భాగం కావాలి.

కృష్ణా డెల్టాలో లందల మీద పనిచేసిన చివరి తరం నేడు వృద్ధాప్యంలో ఉంది. తంగేడు చెక్క పాళ్లు, సున్నపు నీటిలో ఉంచే గడువులు, పనిముట్ల పేర్లు, మేర లెక్కలు వారి జ్ఞాపకంలోనే ఉన్నాయి. వాటిని వారి మాటల్లో, వారి అనుమతితో నమోదు చేసే క్షేత్రపరిశోధన తోట్లవల్లూరు, పామర్రు, ఉయ్యూరు మండలాల నుంచి వెంటనే ప్రారంభం కావలసి ఉంది.